'బ్లాక్‌స్టార్' బౌవీ మరణ వాంగ్మూలం కాదు

ఏటా జనవరి రెండో వారం వచ్చిందంటే చాలు, బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ గురించి ఒకే కథ మళ్లీ మళ్లీ షేర్ అవుతూ ఉంటుంది. క్లుప్తంగా ఆ కథ ఇదీ: చావు ఖాయమని బౌవీకి మొదటినుంచీ తెలుసు. అందుకే 'బ్లాక్‌స్టార్' ఆల్బమ్ మొత్తాన్ని వీడ్కోలు ఉత్తరంలా రాసుకున్నారు. 2016 జనవరి 8న, 69వ పుట్టినరోజు నాడు విడుదల చేసి, అనుకున్నట్టే రెండు రోజులకు కన్నుమూశారు. ఆయన పోకపోయి ఉంటే ఆ ఆల్బమ్‌ను పట్టించుకునేవారే ఉండరు.

ఇందులో తేదీలు మాత్రం నిజం. మిగతాది ఒక గొప్ప సంగీతకారుడి చివరి ఏడాది శ్రమను జాతకం స్థాయికి దించేస్తోంది. నాకు బాధ కలిగించేది అదే.

'మొదటినుంచీ తెలుసు' అన్న మాట దగ్గరే మొదలుపెడదాం. కాన్సర్‌తో 18 నెలలు పోరాడారని మరణవార్త ప్రకటించినప్పుడే చెప్పారు. అంటే జబ్బు బయటపడింది 2014 మధ్యలో. ఆల్బమ్ రికార్డింగ్ ప్రధానంగా జరిగింది 2015 జనవరి నుంచి మార్చి వరకు, న్యూయార్క్‌లోని మ్యాజిక్ షాప్ స్టూడియోలో. కాబట్టి పాడేటప్పటికే ఆయనకు జబ్బు ఉంది, చికిత్సా నడుస్తోంది. అయితే జబ్బు ఉందని తెలియడం వేరు, ఇక బతకనని తెలియడం వేరు. 2015 మధ్యలో కీమో బాగా పనిచేసిందని, అందరికీ ఆశ చిగురించిందని, నవంబర్ నాటికి జబ్బు తిరగబెట్టి ఒళ్లంతా పాకిందని సహనిర్మాత టోనీ విస్కాంటీ తర్వాత వివరంగా చెప్పారు. అప్పటికి పాటలు రాయడం, పాడటం ఎప్పుడో అయిపోయాయి.

ఆ విస్కాంటీయే బౌవీ మరణం మర్నాడు ఈ ఆల్బమ్‌ను ఆయన మనకిచ్చిన వీడ్కోలు కానుక అన్నారు. కథ షేర్ చేసేవాళ్లు ఈ మాటనే పట్టుకుంటారు. స్టూడియోలో సాహిత్యం చూసి 'ఇది వీడ్కోలు ఆల్బమే కదా' అని ఆయన ఆటపట్టిస్తే బౌవీ నవ్వి ఊరుకున్నారట. అదీ నిజమే. పాటల్లో చావు ధ్యాస లేదని నేను అనను, చెవులున్నవారికి వినిపిస్తూనే ఉంటుంది. కానీ అదే విస్కాంటీ చెప్పిన ఇంకో సంగతిని ఎవరూ షేర్ చేయరు. చనిపోవడానికి సుమారు వారం ముందు బౌవీ ఆయనకు ఫోన్ చేసి, ఇంకో ఆల్బమ్ చేద్దామన్నారు. దానికి అప్పటికే ఐదు పాటల డెమోలు (నమూనా రికార్డింగులు) సిద్ధం చేసుకున్నారు. వీడ్కోలు పూర్తయిందనుకున్న మనిషి చేసే పని కాదది.

తర్వాత 'లాజరస్' వీడియో. కళ్లకు గంతలు, ఆస్పత్రి మంచం, చివర్లో బీరువాలోకి వెళ్లిపోవడం. చూస్తే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. కానీ మంచం మీద చూపిద్దామన్న ఆలోచన తనదేనని, బైబిల్‌లో చనిపోయి లేచిన లాజరస్ కథ నుంచి వచ్చిందని, దానికి బౌవీ జబ్బుతో సంబంధం లేదని దర్శకుడు యోహాన్ రెంక్ చెప్పారు. చికిత్స ఆపేస్తున్నారన్న కబురు బౌవీకి తెలిసింది షూటింగ్ జరిగిన వారంలోనే, అంటే పాట పాడటం ఎప్పుడో అయిపోయాక. ఇక ఆ పాట అదే పేరుతో 2015 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మొదలైన నాటకంలోనిది. అందులో దాన్ని పాడేది భూమ్మీద చిక్కుకుపోయి, చద్దామన్నా చావు రాని గ్రహాంతరవాసి.

ఆల్బమ్‌లో రహస్య సంకేతాలు దాచారన్న మాటను త్వరగా తేల్చేయొచ్చు. 'బ్లాక్ స్టార్' అనేది కాన్సర్ గడ్డకు పేరని చెబుతారు. వైద్యంలో ఆ మాట వాడేది రొమ్ము ఎక్స్‌రేలో కనిపించే ఒక రకం మచ్చకు, బౌవీకి వచ్చింది కాలేయ కాన్సర్. ఒక పాటలో సోమవారం ఎటు పోయిందని అడుగుతారు కాబట్టి తన మరణవార్త సోమవారం బయటపడుతుందని ముందే చెప్పారట! ఇలా వెతికితే ఏ పాటలోనైనా ఏ తేదీ అయినా దొరుకుతుంది.

ఈ కథ మింగేసిన అసలు విషయం సంగీతం. బౌవీ గ్రీనిచ్ విలేజ్‌లోని 55 బార్ అనే చిన్న జాజ్ క్లబ్‌కు వెళ్లి శాక్సఫోన్ వాద్యకారుడు డానీ మెక్‌కాస్లిన్ బృందాన్ని విన్నారు. తర్వాత తన పాత రాక్ బృందాన్ని పక్కనపెట్టి వీళ్లను పిలిచారు. కీబోర్డు మీద జేసన్ లిండ్నర్, బేస్ టిమ్ లెఫెబ్వర్, డ్రమ్స్ మార్క్ జూలియానా. రాక్ అండ్ రోల్‌కు దూరంగా జరగడమే తమ లక్ష్యమని, ఆ రోజుల్లో ర్యాప్ గాయకుడు కెండ్రిక్ లమార్‌ను తెగ విన్నామని విస్కాంటీ 2015 నవంబర్‌లోనే చెప్పారు, అంటే బౌవీ బతికుండగానే.

నమ్మకం కలగకపోతే 'స్యూ' పాటను రెండు రూపాల్లోనూ వినండి. 2014లో మరియా ష్నైడర్ ఆర్కెస్ట్రాతో వచ్చినది ఏడు నిమిషాలు దాటుతుంది. బాకాలు అలలు అలలుగా లేచి పడుతుంటాయి. ఆల్బమ్‌లో అదే పాట ఐదు నిమిషాలకు లోపే. గరగరలాడే బేస్ కింద జూలియానా రెండు చేతులూ మెషీన్ కొట్టినట్టు పరుగెడతాయి, పైన బౌవీ గొంతు మాత్రం తొందరపడదు. ఇక టైటిల్ పాటలో రెండు వేర్వేరు పాటలను అతికించారు. మొదట 11 నిమిషాలు దాటిన ఆ పాటను, 10 దాటితే ఆన్‌లైన్ పాటల దుకాణం ఐట్యూన్స్ సింగిల్‌గా (విడి పాటగా) అమ్మదని తెలిసి 9 నిమిషాల 57 సెకన్లకు కుదించారు. పాట జనంలోకి సరిగ్గా వెళ్లాలని కూర్చుని కత్తిరించిన పనివాడు కనిపిస్తాడు నాకు ఇక్కడ.

చివరిది, చావు వల్లే మెచ్చుకున్నారన్న మాట. సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇచ్చింది 2015 డిసెంబర్‌లో. సంగీత సమీక్షల వెబ్‌సైట్ పిచ్‌ఫోర్క్ 10కి 8.5 ఇచ్చింది విడుదలకు ముందు రోజు. ఆయన జబ్బుతో ఉన్నారన్న సంగతి అప్పటికి లోకానికి తెలియదు. అమ్మకాల విషయంలో మాత్రం వాళ్ల మాటలో కొంత నిజముంది: అమెరికాలో ఆల్బమ్‌ల ర్యాంకులు చూపే బిల్‌బోర్డ్ చార్టులో బౌవీ ఆల్బమ్ మొదటి స్థానానికి చేరడం అదే తొలిసారి, ఆ వారం జనం దుఃఖంతో కొన్నారు. అయినా అంతకుముందు 2013 ఆల్బమ్ అక్కడ రెండో స్థానం దాకా వెళ్లింది, కాబట్టి ఆయన్ని అందరూ మర్చిపోయారన్నది తప్పు. 2017 గ్రామీల్లో 'బ్లాక్‌స్టార్'కు ఐదు అవార్డులు వచ్చాయి, అందులో ఒకటి సౌండ్ ఇంజనీరింగ్‌కు. అన్నిటికన్నా పెద్దదైన 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్'కు కనీసం నామినేషన్ కూడా రాలేదు. జాలితోనే ఇచ్చి ఉంటే మొదట ఇవ్వాల్సింది దాన్నే.