ఆ వైన్ మెసేజ్ ఇంక పంపకండి

నిన్న ఒక్కరోజే మూడుసార్లు వచ్చింది. టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఒకసారి, బామ్మర్ది వాళ్ళ ఫ్యామిలీ గ్రూపులో ఒకసారి, ఆఖరికి మా మెడికల్ షాపులవాళ్ళ గ్రూపులో కూడా. చూడనివాళ్ళ కోసం చెప్తున్నా: చలిదేశాల్లో పండే పినో న్వార్ అనే ద్రాక్షతో చేసిన రెడ్ వైన్ రోజూ రాత్రి ఒక గ్లాసు తాగితే గుండెలో బ్లాకులు కరిగిపోతాయట, షుగరు గోలీలు, బీపీ గోలీలు మానేయొచ్చట, డాక్టర్లు ఈ సంగతి దాచిపెడుతున్నారట. ఆ తర్వాత అసలు సరుకును గుర్తుపట్టడం ఎలాగో ఒక పాఠం. రంగు పలుచగా ఉంటే నీళ్ళు కలిపినట్టు, ఎంత పాతదైతే అంత మంచిది, ఫ్రిజ్‌లో పెడితే పాడవుతుంది, బిరడా లేకుండా తిప్పే మూత ఉంటే నకిలీది, చలికి సరిగ్గా పండని ద్రాక్ష కాబట్టి చక్కెర కలుపుతారు. చివర్లో 'పది మందికి పంపండి, ఒక ప్రాణం కాపాడండి.'

నేను నల్లగొండలో మెడికల్ షాపు నడుపుతాను. మా తమ్ముడు అమెరికాలో, ఆరెగాన్ రాష్ట్రంలో హిల్స్‌బరోలో ఉంటాడు. వాడి ఇంటి నుంచి కారులో కాసేపు పోతే విలమెట్ లోయ, పినో న్వార్‌కు పేరుపడ్డ చోటు. రెండుసార్లు వెళ్ళాను, తాగి చూశాను, ఆ వైన్ అంటే నాకు నిజంగా ఇష్టం. అందుకే ఈ మెసేజ్ మీద నాకు రెండు వైపుల నుంచీ కోపం ఉంది.

మూత సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తా. న్యూజిలాండ్‌లో మంచి మంచి పినో న్వార్ సీసాలు తిప్పే మూతతోనే వస్తాయి. అంతే.

ఇక రంగు. పినో న్వార్ పండు తోలు పలుచన, రంగు ఉండేది ఆ తోలులోనే, రసంలో కాదు. అందుకే గ్లాసు వెనక పేపరు పెడితే అక్షరాలు కనిపించేంత పలుచగా ఉంటుంది, అది దాని సొంత రంగు. ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో ఇదే నల్ల ద్రాక్షను తోలు రంగు దిగకుండా మెల్లగా పిండి తెల్లటి వైన్ కూడా చేస్తారు. కల్లులో అల్ప్రజోలం కలిపితే మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో మనుషులు ఏమైపోయారో చూసినవాళ్ళం కాబట్టి కల్తీ అనే మాట వినగానే మనకు భయం, ఆ భయాన్ని నేను తప్పు పట్టను. కానీ పలుచటి రంగు కల్తీకి గుర్తు అని నమ్మితే ప్రపంచంలో ఉన్న మంచి పినో అంతా పారబోయాలి.

విలమెట్ లోయలో డండీ కొండలని ఉన్నాయి. కారు దిగగానే నేను చూసింది కింద నేలను. ఎర్రమట్టి, అచ్చం మా దేవరకొండ వైపు చెలక లాంటి ఎరుపు, బూటుకు అంటుకుంటే వదలలేదు. అక్కడివాళ్ళు దాన్ని జోరీ నేల అంటారట, అగ్నిపర్వతపు రాయి అరిగి ఏర్పడిందట. మట్టి అదే రంగు, గాలి మాత్రం వేరే లోకం. పగలు ఎండ ఉన్నా సముద్రం వైపు నుంచి వచ్చే గాలికి రాత్రి స్వెట్టర్ కావాలి. ఆ చలికే ద్రాక్ష నిదానంగా పండుతుంది, పులుపు పోకుండా ఉంటుంది, వాసన నిలుస్తుంది. ఎండ ఎక్కువైన చోట ఇదే పినోకు తీపి తొందరగా ఎక్కేసి, పులుపు పడిపోయి, వండిన పండులా అయిపోతుంది. కాబట్టి 'చలికి సరిగ్గా పండదు' అన్నది తలకిందుల మాట, ఈ ద్రాక్షకు కావలసిందే ఆ చలి.

అక్కడ వైన్ పోసినామె గ్లాసులో మూడో వంతు కూడా పోయలేదు. ముందు వాసన చూడమంది. చెర్రీ అంది, నాకు అల్లనేరేడు తోలు వాసన వచ్చింది. గ్లాసు కాస్త తిప్పి మళ్ళీ చూస్తే ఇంకోటి వచ్చింది, అదేంటో పేరు దొరకడానికి టైం పట్టింది. వానలు పడ్డాక చిన్నప్పుడు మా బాపు పుట్టగొడుగులు ఏరి మోదుగాకులో చుట్టి తెచ్చేవాడు, ఆ పొట్లం విప్పినప్పటి తడి వాసన. నోట్లో పోసుకుంటే మెత్తగా ఉంది, మింగాక చివర్లో పులుపు నాలుక పక్కల సన్నగా తగిలింది. పొద్దున చెట్టు మీంచి దించిన ఈత కల్లుకూ మధ్యాహ్నం కల్లుకూ తేడా ఒక్క గుక్కలో చెప్పేవాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది లేరు? ఆ నాలుక ఉన్నవాళ్ళకు దీన్ని తెలుసుకోవడం కష్టమేమీ కాదు, డబ్బున్నవాళ్ళ విద్య అంతకన్నా కాదు.

పాతదైతే మంచిదన్న మాట. ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతంలో పేరున్న కొన్ని సీసాలు పదేళ్ళు ఇరవై ఏళ్ళు ఆగుతాయి, నిజమే, కానీ మామూలు పినోలో చాలా భాగం కొన్నేళ్ళలోపు తాగడానికే చేస్తారు. పైగా ఆగేది చల్లటి చీకటి గదిలో. నేను ఒక సీసా తెచ్చి బీరువాలో దాచి, రెండు నల్లగొండ ఎండాకాలాలు దాటించాను. బిరడా పైకి తన్నుకొచ్చింది, తీస్తే ఉడికిన కిస్‌మిస్ వాసన. నేరేడూ లేదు, తడి మట్టీ లేదు. అంత దూరం నుంచి తెచ్చిన సీసా అలా పోయినందుకు చాలా బాధపడ్డాను. ఫ్రిజ్ కూడా అంతే, గది వేడిలోనే తాగాలన్న మాట యూరప్ చలి ఇళ్ళలో పుట్టింది. మే నెలలో మన గది వేడి గది వేడా? తాగే ముందు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరచండి, 14, 15 డిగ్రీల దగ్గర పినో బాగా విచ్చుకుంటుంది.

చక్కెర సంగతి మాత్రం నిజం. నేనూ మొదట అబద్ధమే అనుకున్నాను, తర్వాత తెలుసుకుంటే బర్గండీలో చలి ఎక్కువైన ఏళ్ళలో పులియబెట్టే రసంలో చక్కెర కలపడం చట్టం ఒప్పుకున్న పాత పద్ధతే. ఆ చక్కెర తీపిగా మిగలదు, పులిసి ఆల్కహాల్ అవుతుంది. అయినా కలుపుతారన్న మాట కలుపుతారన్నదే, అందులో ఆ మెసేజ్ రాసినవాడిదే రైటు.

ఇప్పుడు గోలీల సంగతికి వస్తా, ఇదంతా రాస్తున్నది దీని కోసమే.

బ్లాకులు కరిగించేది రెస్వెరట్రాల్ అనే పదార్థం అంటున్నారు. ద్రాక్ష తోలులో ఉంటుంది, నిజమే. వైన్‌లో ఎంత ఉంటుంది? లీటరుకు కొన్ని మిల్లీగ్రాములు. 2006లో పేరొచ్చిన ఎలుకల ప్రయోగంలో ఇచ్చింది కిలో బరువుకు రోజూ 22 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి అదే లెక్క వేస్తే రోజుకు వందల సీసాలు తాగాలి. తాగగలిగేవాళ్ళు ఉంటే చెప్పండి. ఇదే రెస్వెరట్రాల్ గుండెకు మంచిదని పేపర్ల మీద పేపర్లు రాసిన కనెక్టికట్ యూనివర్సిటీ పరిశోధకుడు 145 చోట్ల దొంగ లెక్కలు చూపించాడని 2012లో ఆ యూనివర్సిటీయే బయటపెట్టింది. కొంచెం తాగేవాళ్ళు అసలు తాగనివాళ్ళ కన్నా బాగున్నారని చూపించిన పాత లెక్కల్లో కూడా, జబ్బు చేసి మానేసినవాళ్ళను 'తాగనివాళ్ళ' లెక్కలో కలిపిన తప్పు ఉంది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇంత తాగితే ఏమీ కాదు అని చెప్పగలిగే మోతాదే లేదని స్పష్టంగా చెప్పింది. ఇష్టంగా తాగే నేను కూడా ఇది ఒప్పుకునే తాగుతాను.

మా కాక ఈ మెసేజ్ నమ్మాడు. పినో ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది, వైన్ షాపులో ఏదో రెడ్ వైన్ తెచ్చుకున్నాడు. పొద్దుటి గోలీ మానేసి, భయమేసి మళ్ళీ సాయంత్రం గ్లిమెపిరైడ్ అనే షుగరు గోలీ వేసుకుని, అన్నం తినకుండా రెండు గ్లాసులు తాగి పడుకున్నాడు. ఆ గోలీ ఒంట్లో ఇన్సులిన్‌ను బయటికి తోస్తుంది, షుగరు పడిపోతే కాలేయం చక్కెర వదిలి ఆదుకోవాలి, కానీ ఆల్కహాల్ పనిలో పడ్డ కాలేయం ఆ పని సరిగ్గా చేయదు. రాత్రి చెమటలు, వణుకు, మాట తడబాటు. చిన్నమ్మ ఏమనుకుంది? తాగాడు, అందుకే అనుకుంది. నోట్లో వాసన కూడా వస్తోంది కదా. గంటన్నర అలాగే వదిలేసింది. పక్కింటి పిల్లగాడు నన్ను లేపితే షుగరు చూసే మిషన్ తీసుకుని ఉరికాను, 43 చూపించింది. ఇంకా మింగగలిగే తెలివి ఉంది కాబట్టి గ్లూకోజ్ నీళ్ళు పట్టించి, ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాం. ఈ గోలీతో పడ్డ షుగరు ఒకసారి లేచి మళ్ళీ పడొచ్చు, అందుకే తెల్లారేదాకా అక్కడే ఉంచారు. చిన్నమ్మ ఆ గంటన్నర గురించి ఇప్పటికీ ఏడుస్తుంది. ఆమె తప్పేముంది? ఎవరైనా అలాగే అనుకునేవాళ్ళు.

'పంపితే పోయేదేముంది' అంటున్నారు మీరు. పోయేది ఇదీ.

కాక ఇప్పుడు బాగున్నాడు. గ్రూపుల్లో మీరు పంపినదాన్ని డిలీట్ చేసి, ఇంట్లో పెద్దవాళ్ళు వేసుకునే గోలీల అట్ట ఒకసారి తిప్పి చదవండి. గ్లిమెపిరైడ్ గానీ, గ్లిక్లాజైడ్ గానీ, ఇన్సులిన్ సూది గానీ ఉండి, వాళ్ళు ఈ మెసేజ్ చదివి ఉంటే, ఈ రాత్రే కూర్చోబెట్టి మాట్లాడండి. అర్థం కాకపోతే ఆ అట్ట పట్టుకుని షాపుకు రండి, రాత్రి పదింటి దాకా ఉంటాను.