మెట్ట రైతులకు మెట్ల పాఠం

పోయిన నెల మా ఊళ్లో కరువు మీద అవగాహన సదస్సు పెట్టారు. కనిగిరి వైపు జనానికి కరువు గురించి చెప్పడమంటే చేపపిల్లకి ఈత నేర్పడమే, అయినా అంత దూరం వచ్చారు కదా పాపం అని అందరం వెళ్లాం. బ్యానర్ మీద ‘మెట్ల సేద్యంతో కరువును జయిద్దాం’ అని ఉంది. మెట్ట సేద్యం అనబోయి తప్పు కొట్టారనుకున్నాం. కాదట. నిజంగానే మెట్లట.

స్కూలు గోడకి తెల్ల పంచె కట్టి బొమ్మలు వేశారు. ఫిలిప్పీన్స్‌లో ఇఫుగావో అనే చోట కొండంతా మెట్లు మెట్లుగా వరి మడులు, పై మడి నిండితే కింద మడికి, అదీ నిండితే దాని కిందదానికి నీళ్లు. నోళ్లు తెరుచుకుని చూశాం, సగం ఆశ్చర్యంతో, సగం దాహంతో. ఎందుకంటే స్టేజీ మీద వరసగా నీళ్ల సీసాలు పేర్చారు గానీ కింద మా కోసం తెచ్చిన క్యాన్‌కి కుళాయి విరిగిపోయింది. సారు ‘నీటి పొదుపు’ అన్నప్పుడల్లా ఒక గుక్క తాగుతారు, కాసేపటికి ఆ సగం సీసా పక్కన పెట్టేసి కొత్తది తెరుస్తారు. మా పిల్లాడు లెక్కపెట్టాడు, మూడు. నా వెనక పెద్దాయన లేచి, ‘అయ్యా, మా పొలాలు చదును, మెట్లు ఎక్కడ కట్టమంటారు?’ అంటే, ‘అనువైన చోట’ అన్నారు. మాకున్న మెట్లు గుడివి, శంకుస్థాపన దిమ్మెలవి. దిమ్మెల మీదే నారు పోద్దామా అని వెనక బెంచీల్లో సీరియస్‌గా చర్చ జరిగింది. ఇఫుగావోకి యునెస్కో వారసత్వ గుర్తింపు 1995లో వచ్చింది, మరుసటి ఏడు మా వైపు వెలిగొండ నీళ్ల ప్రాజెక్టుకి శంకుస్థాపన రాయి పడింది, ఆ రాయి కూడా వారసత్వ సంపదే కదా.

మధ్యలో ఒక బొమ్మ వచ్చి చటుక్కున పోయింది. మడుల పైన, కొండ నెత్తిన అడవి. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికా. ముయోంగ్ అంటారు, కుటుంబాలు తరతరాలుగా కాపాడుకునే అడవి. వాన నీళ్లు పట్టి ఉంచి ఎండల్లో ఊటగా వదిలేది అదే. మడి ఎండి నెర్రెలిచ్చిందంటే తర్వాతి వానకి గట్టు జారిపోతుంది, అందుకని కోతయ్యాక కూడా నీళ్లు నిలిపే ఉంచుతారు. పట్టించుకునేవాళ్లు తగ్గి మడులు బీళ్లు పడేసరికి 2001లో యునెస్కో ప్రమాద జాబితాలో పెట్టింది, బాగుచేసుకున్నాక 2012లో తీసింది. చైనాలో ఇలాంటి మెట్ల మడులే చేసే హానీ జనమైతే కాలవకి అడ్డంగా దుంగ వేసి గాట్లు కొడతారు, ఎవరి గాటు ఎంత వెడల్పో వాళ్లకి అన్నే నీళ్లు.

మరి మన గొలుసుకట్టు చెరువులేంటి? పై చెరువు అలుగు పారితే కింద చెరువు నిండేది. గుండ్లకమ్మ మీద రెండు కొండల మధ్య కట్టిన కంభం చెరువు విజయనగర కాలం నుంచీ ఉంది. మా ఊరి చెరువూ ఉంది, రికార్డుల్లో. దానికి నీళ్లొచ్చే వాగు పూడ్చి ప్లాట్లేశారు, లోపలంతా సర్కారు తుమ్మ, అలుగు రాళ్లు ఒకాయన ప్రహరీగోడలో ఉన్నాయి, ఎవరో ఊరందరికీ తెలుసు, ఆ రోజు స్టేజీ మీద మూడో కుర్చీలో కూర్చున్నాడు. సిగ్గుండాలి! పుస్తెలు తాకట్టు పెట్టి వెయ్యి అడుగుల బోరేస్తే దుమ్ము లేచినవాడికి ఎక్కడిదో పచ్చటి కొండ చూపించడానికి సిగ్గుండాలి. వాగు వదలండి, పూడిక తీయండి, అంతే కదా. దానికి పంచె కట్టి బొమ్మలు వెయ్యక్కర్లేదు, ఆ మూడో కుర్చీని లేపాలి. అది చెయ్యరు.

చివర్లో అందరికీ సర్టిఫికెట్లు పంచారు. పెద్దాయన తనకి వద్దన్నాడు. స్టేజీ మీద వదిలేసిన మూడు సగం సీసాలు సంచిలో వేసుకుని, ‘బత్తాయి మొక్క వాడిపోతా ఉంది’ అంటూ వెళ్లిపోయాడు.