ఉమ్మివేయరాదు, చక్రవర్తి ఊసెత్తరాదు

చైనాలోని హాంగ్‌జౌలో వెస్ట్ లేక్ ఉత్తరపు ఒడ్డున ఉన్న, పన్నెండో శతాబ్దపు సేనాని యుయె ఫెయ్ స్మారక ఆలయానికి వెళ్లే యాత్రికులకు ఒక మనవి. దేశభక్తిని నోట్లో ఊరబెట్టుకుని వెళ్లకండి. అక్కడి ద్రోహుల విగ్రహాల మీద ఉమ్మివేయరాదని బోర్డు పెట్టేశారు.

1221లో కట్టిన ఆలయం. లోపలికెళ్తే పెద్ద మందిరంలో కూర్చున్న సేనాని విగ్రహం, తలపైన ‘నా నదులూ కొండలూ నాకు తిరిగివ్వండి’ అన్న ఫలకం. ఇక్కడ జనం ఒక్క ఫొటోకి ఆగుతారు. తొక్కిసలాటంతా పడమటి ఆవరణలో, సమాధి దగ్గర.

సమాధి దగ్గర అన్నానే గాని, దాన్ని చూసేదెవరు? యుయె ఫెయ్ మీద తప్పుడు ఆరోపణ మోపిన మంత్రి చిన్ హ్వే, అతని భార్య వాంగ్, విచారణ జరిపిన మోచీ షియే, తప్పుడు ఆరోపణకు వంతపాడిన సేనాని జాంగ్ జున్. ఈ నలుగురి ఇనుప విగ్రహాలూ సమాధి గేటుకి లోపలి వైపున అటిద్దరూ ఇటిద్దరూగా, చేతులు వెనక్కి కట్టించుకుని, సమాధికేసి మోకరిల్లి ఉంటాయి. లోపలికి నడిచేటప్పుడు కనబడవు. గేటు దాటాక వెనక్కి తిరగాలి. తిరిగామంటే ముఖం ద్రోహికి, వీపు వీరుడికి. నివాళి యావత్తూ ఈ భంగిమలోనే సాగుతుంది. గైడు జెండా ఎత్తి ‘వీడే’ అనగానే ఫోన్లన్నీ లేస్తాయి. ఒకాయన చెప్పు విప్పుతాడు. ఫొటోలో చెప్పు సగమే పడిందని వాళ్లావిడ మళ్లీ ఎత్తమంటుంది. ఒక తాతగారు మనవడి చేత కటకటాల సందులోంచి చిన్ హ్వే నెత్తిన మొట్టికాయ వేయిస్తారు. చెయ్యి ఇరుక్కుని పిల్లాడు ఏడుస్తాడు, తాతగారు ఆ పాపం కూడా చిన్ హ్వే ఖాతాలోనే రాసేస్తారు. వెనక రాతి గుర్రాలు, రాతి మనుషులు, యుయె ఫెయ్ సమాధి గుట్ట, పక్కనే కొడుకు యుయె యున్ గుట్ట. అటు చూసే తీరిక ఎవరికీ లేదు.

దెబ్బలకి విగ్రహాలు విరగడం, మళ్లీ పోత పోయించడం శతాబ్దాలుగా నడుస్తోంది. 1966లో సాంస్కృతిక విప్లవం పేరిట వచ్చిన కుర్రాళ్లు ఒక్కరే పక్షపాతం చూపలేదు: వీరుడి సమాధినీ ద్రోహుల విగ్రహాలనూ ఒకే ఉత్సాహంతో పగలగొట్టారు. ఇప్పుడున్నవి ఆ తర్వాత పెట్టినవి.

ఇంకా కసి తీరకపోతే బయట తినేయొచ్చు. జంటగా అంటించి నూనెలో వేయించిన పిండి కడ్డీలు చిన్ హ్వే దంపతులేనని జనం కథ. హాంగ్‌జౌ వాళ్లు వాటిని ఉల్లికాడలతో కలిపి పల్చటి రొట్టెలో చుట్టి, పెనం మీద అదిమి కరకరలాడేలా కాల్చి, తియ్యటి సాస్ పూసి ఇస్తారు. రుచికరమైన శిక్ష, కాదనను.

గేటు పక్కనే ఒక ద్విపద ఉంది: పచ్చని కొండకు భాగ్యం, నిష్ఠాపరుడి ఎముకలు దక్కాయి, తెల్ల ఇనుము ఏ పాపం చేసిందని ద్రోహుల రూపం దాల్చింది. ఇనుము మీద అంత జాలి ఉన్నవాళ్లు ఆవిడ గురించి ఒక్క ముక్క ఎందుకనరు? వాంగ్‌కు పదవి లేదు, సంతకం చేసే అధికారం లేదు. కిటికీ పక్కన కూర్చుని మొగుడికి దుర్బోధ చేసిందని కథలు చెప్పాయి. ఆ కథ చాలు, ఆవిణ్ణి రొమ్ము మీద బట్ట లేకుండా మోకరిల్లబెట్టి వచ్చేపోయే మగాడల్లా తడమడానికి. సిగ్గుండాలి!

మరి మరణశాసనం జారీ చేసిందెవరు? చక్రవర్తి గావోజోంగ్. 1141లో హ్వాయ్ నదికి ఉత్తరాన ఉన్నదంతా ఉత్తరాది శత్రువైన జిన్ రాజ్యానికి వదిలేసి, ఏటా రెండున్నర లక్షల లియాంగ్‌ల (చైనా తూకం) వెండి, రెండున్నర లక్షల తానుల పట్టు కడతానని ఒప్పుకున్నది ఆయన కొలువే. 1142 జనవరిలో యుయె ఫెయ్‌ని చంపించి, 1162లో గద్దె దిగి, 1187 దాకా హాయిగా బతికాడు. ఆ 1162లోనే, గద్దెనెక్కిన దత్తపుత్రుడు యుయె ఫెయ్ నిర్దోషి అని ప్రకటించి ఘనంగా సమాధి చేయించాడు. నాన్నగారిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు. అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకోవడం రాజనీతి అయింది, తర్వాత అదే భక్తి అయింది.

చోటు లేదనకండి. 1513లో పెట్టినవి మూడే విగ్రహాలు. జాంగ్ జున్ కోసం నాలుగో దానికి చోటు ఆ తర్వాత దొరికింది.