వింగర్ గొప్పా, కోచ్ గొప్పా?

పర్లాకిమిడిలో ఒక మైదానం అంచున మాట్లాడుకుంటున్నవారిద్దరూ తెలుగువారు: రైల్వేలో గార్డుగా పనిచేసి విరమించిన మావయ్య, పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్న మేనల్లుడు. భారత ఫుట్‌బాల్ దిగ్గజం పి.కె. బెనర్జీ ఆటగాడిగా గొప్పవాడా, శిక్షకుడిగా గొప్పవాడా అన్నది వారి వివాదం.

మావయ్య: ఈస్టర్న్ రైల్వేలో ఉద్యోగం చేస్తూ, కలకత్తా పెద్ద క్లబ్బులైన మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జట్ల తరఫున ఒక్కనాడూ ఆడకుండానే భారత జట్టుకు కుడి వింగర్, అంటే కుడి గీత వెంట దూసుకెళ్లి దాడి చేసే ఆటగాడు, అయి, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో కెప్టెన్‌గా ఫ్రాన్స్‌పై గోల్ కొట్టి, ఆటను 1-1గా ముగించినవాడు ఆయన. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై మన మొదటి గోలూ ఆయనదే. 2-1తో స్వర్ణం మనకు దక్కింది. ఆ పరుగును ఎవరు నేర్పగలరు నాయనా? కోచ్‌గా వచ్చిన పేరంతా ఆ ఆట మీద వచ్చిన వడ్డీయే.

అల్లుడు: వడ్డీతో పాతికేళ్లు గడవవు మావయ్యా. 1975లో కలకత్తాలో జరిగే ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ పోటీ ఫైనల్లో ఆయన శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ మోహన్ బగాన్‌ను 5-0తో ఓడించింది. ఆ తరువాత మోహన్ బగాన్ వారు, తమను అంత ఘోరంగా ఓడించిన ఆయననే పిలిచి జట్టు అప్పగించారు; 1977లో ఆ జట్టే పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్‌తో 2-2గా నిలిచింది.

మావయ్య: అది మాటల మహిమ. ఆటగాళ్లను ఉత్సాహపరిచే ఆయన ప్రసంగాలకు ‘వోకల్ టానిక్’ అని పేరే పడింది కదా! 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో, సొంతగడ్డపై, ఆయన శిక్షణలోని భారత జట్టు క్వార్టర్ ఫైనల్లోనే సౌదీ అరేబియా చేతిలో ఓడినప్పుడు ఆ టానిక్ ఏమైంది? నేర్పడమంటే అప్పటి భారత జట్టు కోచ్, మన హైదరాబాదు రహీం సాబ్‌ది. మెల్‌బోర్న్, రోమ్, జకార్తా మూడుచోట్లా బెనర్జీని ఆడించింది ఆయనే.

అల్లుడు: ఎవరూ నేర్పలేరన్నది మీరే, నేర్పినవారి పేరు చెప్పిందీ మీరే. పైగా 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్లో మోహన్ బగాన్ కోచ్ అమల్ దత్తా పన్నిన, ఆటగాళ్లను వజ్రాకారంలో నిలిపే ‘డైమండ్’ వ్యూహాన్ని, లక్షా ముప్పై వేల పైచిలుకు జనం చూస్తుండగా, బెనర్జీ శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ 4-1తో చిత్తు చేసింది. అందులో మూడు గోల్స్ ఈస్ట్ బెంగాల్ ఆటగాడు బైచుంగ్ భుటియావి. మాటలు ఒక్కటే చేయగల పని కాదది.

మావయ్య: అయితే ఆ కుడివైపు కుర్రాణ్ణి చూడు. గీత వెంట పరుగెత్తమని నువ్వు గొంతు చించుకుంటున్నా, ప్రతిసారీ బంతితో లోపలికే తిరుగుతున్నాడు.

అల్లుడు: గీత పక్కన పశువుల గిట్టల గుంటలు ఎండి రాయిలా గట్టిపడ్డాయి మావయ్యా, బంతి ఎగిరి మోకాలికి తగులుతోంది.

మావయ్య: మరి వాడికి టానిక్ పోసి ఏం లాభం?

అల్లుడు: రేపు నేను పార తెస్తాను, తట్ట మీరు పట్టండి.