"పాతదైనా ఐ7 ఐ7నే" అనే ఆ ఫార్వర్డ్ నమ్మి ఎస్పీ రోడ్డుకి వెళ్లకండి

బెంగళూరులో మన తెలుగోళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. తక్కువలో గేమింగ్ పీసీ సొంతంగా కట్టుకోండి అని మొదలవుతుంది. అందులో చెప్పింది ఇదీ: ప్రాసెసర్ ఐ7 అయ్యుండాలి, పాతదైనా ఐ7 ఐ7నే. గ్రాఫిక్స్ కార్డు 4 జీబీ ఉంటే చాలు, మోడల్ ఏదైనా ఒకటే. కేబినెట్ తో పాటు వచ్చే 500 వాట్ల ఎస్ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు ఇచ్చే డబ్బా) సరిపోతుంది. ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ తీసుకోండి. ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన స్టోరేజ్) దండగ, దానివల్ల ఎఫ్‌పీఎస్ (సెకనుకి స్క్రీన్ మీద వచ్చే బొమ్మల లెక్క) పెరగదు. బెంగళూరు చల్లగానే ఉంటుంది కాబట్టి ఫ్యాన్ల గోల అక్కర్లేదు. విడి పార్టులకి వారంటీ ఎలాగూ రాదు, బిల్లు లేకుండా కొని జీఎస్టీ మిగుల్చుకోండి.

ఇందులో రెండు సగం సగం నిజం, మిగతావన్నీ తప్పు, ఎస్ఎంపీఎస్ గురించి రాసింది అయితే ప్రమాదం కూడా. అనంతపురం నుంచో కడప నుంచో వచ్చి మారతహళ్లి పీజీలో ఉంటూ జీతంలో కొంచెం కొంచెం దాచుకుని మొదటి పీసీ కట్టుకుందాం అనుకునే పిల్లలు దీన్ని స్క్రీన్ షాట్ తీసుకుని కంప్యూటర్ పార్టుల షాపులుండే ఎస్పీ రోడ్డుకి పట్టుకెళ్తున్నారు, షాపు వాడికి కూడా ఇది హాయిగా ఉంటుంది ఎందుకంటే ఎప్పట్నించో కదలని సరుకంతా ఈ లిస్టులో సరిగ్గా ఇమిడిపోతుంది. అందుకే ఒక్కొక్కటీ విడివిడిగా రాస్తున్నా, కొంచెం ఓపిగ్గా చదవండి.

ముందు ఆ ఐ7 సంగతి. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక జనరేషన్ లో ఏది పైన ఏది కింద అని చెప్పే పేర్లు, అంతేగానీ పదేళ్ల తేడా ఉన్న రెండు చిప్పుల్ని పోల్చడానికి కాదు. ఐ7-3770 వచ్చింది 2012లో, 4 కోర్లు (పని చేసే యూనిట్లు) 8 థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), పాత రకం డీడీఆర్3 ర్యామ్. ఐ5-12400ఎఫ్ 2022లో వచ్చింది, 6 కోర్లు 12 థ్రెడ్లు, పైగా ఒక్కో కోర్ చేసే పని చాలా ఎక్కువ. అంతెందుకు, 2017 నాటి ఐ7-7700కే కి, 2022 నాటి ఐ3-12100ఎఫ్ కి కోర్లూ థ్రెడ్లూ సమానమే, గేముల్లో మాత్రం ఐ3దే పైచేయి. ఐ7 పక్కన గీత పెట్టి రాసే ఆ నంబర్ మొదట్లో ఉన్న అంకెలే జనరేషన్ చెప్తాయి, 3770 అంటే మూడోది, 12400 అంటే పన్నెండోది, షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న అదే.

స్పీడ్ పక్కన పెట్టినా ఇంకో చిక్కుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఏమో ఇంటెల్ లో ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది, టీపీఎం 2.0 (కంప్యూటర్ లో ఉండే సెక్యూరిటీ ఏర్పాటు) కూడా కావాలి. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సాఫ్ట్‌వేర్ నే నడవనిచ్చే సెట్టింగ్) రెండూ ఆన్ లో ఉండాలి, లేకపోతే గేమే తెరుచుకోదు. మూడో జనరేషన్ ఐ7 కొన్న తమ్ముళ్లలో ఎక్కువమంది ఆడేది అదే గేమ్, ఇంక చూడండి.

నన్నడిగితే చేతిలో డబ్బు టైట్ గా ఉంటే ఐ5-12400ఎఫ్ గానీ ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్ రైజెన్ 5 5600 గానీ, కొంచెం లాగగలిగితే ఏఎమ్5 బోర్డు (ఏఎమ్‌డీ కొత్త ప్రాసెసర్లు కూర్చునే సాకెట్ ఉన్నది) మీద రైజెన్ 5 7600. ఏఎమ్5 ఎందుకంటే తర్వాత బోర్డు మార్చకుండా ప్రాసెసర్ ఒక్కటే మార్చుకునే వీలుంటుంది, దానికి ముందున్న ఏఎమ్4లో అదే జరిగింది కదా, మొదట్లో వచ్చిన బీ350 బోర్డులు కొన్నోళ్లు కూడా బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ ప్రాసెసర్ పెట్టుకోగలిగారు. ఇంకో మాట, ఇంటెల్ లో చివర ఎఫ్ ఉన్నవాటికి, అలాగే రైజెన్ 5600కి లోపల గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా స్క్రీన్ మీద బొమ్మే రాదు. మొదటిసారి కట్టేవాళ్లు ఇది తెలీక బోర్డు పోయిందనుకుని భయపడిపోతారు.

ఇప్పుడు "4 జీబీ ఉంటే చాలు, మోడల్ ఏదైనా ఒకటే". డబ్బులు ఎక్కువగా పోతున్నది ఈ ఒక్క వాక్యం వల్లే. జీటీ 730 అని 2014లో వచ్చిన కార్డుంది, 4 జీబీ అని డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉంటుంది, ఇప్పటికీ కొత్త డబ్బాల్లో అమ్ముతున్నారు. జీటీఎక్స్ 1650 అని 2019లో వచ్చింది, అదీ 4 జీబీనే. డీడీఆర్3 రకం జీటీ 730లో మెమరీ నుంచి చిప్పుకి సెకనుకి 30 జీబీ డేటా కూడా వెళ్లదు, 1650లో 128 జీబీ వెళ్తుంది. గోడౌన్ రెండింటికీ ఒకే సైజు, తలుపు మాత్రం ఒకదానికి మనిషి దూరేంత, ఇంకోదానికి లారీ దూరేంత, చిప్పు బలంలో తేడా దీనికి అదనం. పైగా ఆ 730 తరం కార్డులకి కొత్త గేముల కోసం డ్రైవర్లు (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వడం వాటి చిప్పు చేసే ఎన్విడియా కంపెనీ 2021లోనే ఆపేసింది. అది స్క్రీన్ మీద బొమ్మ రావడానికి, ఎక్సెల్ షీట్లకి పనికొస్తుంది, గేములకి కాదు.

జీబీ ఎక్కువుంటే స్పీడ్ ఎక్కువ అనే లెక్క మంచి కార్డుల్లో కూడా నిలబడదు. ఆర్టీఎక్స్ 3060 లో 12 జీబీ రకం ఉంది, ఆర్టీఎక్స్ 3060 టీఐ 8 జీబీ. ఎక్కువ గేముల్లో 8 జీబీదే ముందుంటుంది, ఎందుకంటే దాని చిప్పు పెద్దది, మెమరీ దారి 256 బిట్లు, 3060కి 192 బిట్లే. అలాగని మెమరీ అసలు లెక్కలోకి రాదని కాదు, కొత్త గేముల్లో టెక్స్చర్లు హై లో పెడితే 8 జీబీ కూడా నిండిపోయి ఆట మధ్యలో పట్టిపట్టి ఆగుతుంది, కాబట్టి ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు 8కి తగ్గొద్దు. ముందు చిప్పు చూడండి, తర్వాత మెమరీ, మీరు ఆడే గేమ్ పేరు కార్డు పేరు కలిపి యూట్యూబ్ లో కొడితే మీ రిజల్యూషన్ లో ఎంత ఎఫ్‌పీఎస్ వస్తుందో కళ్లారా కనిపిస్తుంది. మొత్తం బడ్జెట్ లో పెద్ద ముక్క దీనికే వెళ్లాలి.

ఎస్ఎంపీఎస్ గురించి మాత్రం దయచేసి ఆగి చదవండి, ఎందుకంటే మిగతా పార్టులు తప్పు కొంటే ఆట నెమ్మదిగా నడుస్తుంది అంతే, ఇది తప్పు కొంటే మిగతావాటిని కూడా తీసుకుపోతుంది. మా పీజీలో పక్క రూమ్ తమ్ముడి పీసీ డెస్క్‌టాప్ మీద రోజంతా బాగానే ఉండేది, గేమ్ లోడ్ అయి కార్డు మీద బరువు పడగానే టక్కున ఆఫ్. విండోస్ మళ్లీ ఎక్కించాడు, ర్యామ్ మార్చాడు, కార్డు పోయిందని దాదాపు అమ్మేసేవాడే. పక్క డోర్ తీసి ఎస్ఎంపీఎస్ లేబుల్ చూశాం. పైన 500 వాట్స్ అని పెద్దగా ఉంది, కింద చిన్న టేబుల్ లో +12వీ అన్న గడిలో 16ఏ అని ఉంది. 12ని 16తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ 12 వోల్టుల లైన్ మీదే బతుకుతాయి, మిగతా వాట్లన్నీ 3.3, 5 వోల్టుల గడుల్లో కాగితం మీద కలిపి చూపించినవి. చేత్తో ఎత్తితే డబ్బా తేలిగ్గా ఉంది, వైర్లు సన్నగా ఉన్నాయి, కార్డుకి కావాల్సిన 8 పిన్ కనెక్టర్ అసలు లేదు. హార్డ్ డిస్క్ కి ఇచ్చే మోలెక్స్ పిన్నుల నుంచి ఒక అడాప్టర్ వేసి కార్డుకి తగిలించారు, 150 వాట్ల దాకా లాగే సాకెట్ కి ఆ సన్న వైర్లతో. దాన్ని ముట్టుకుంటే వేడిగా ఉంది. పీసీ ఆఫ్ అవ్వడమే వాడి అదృష్టం.

మరి ఎన్ని వాట్లు కావాలి? ఆర్టీఎక్స్ 4060 తాగేది 115 వాట్లు, ఐ5-12400ఎఫ్ గట్టిగా పరిగెత్తినప్పుడు 117 వరకు పోతుంది, బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ అన్నీ కలిపినా మొత్తం 300 దాటదు. ఈ కార్డుకి ఎన్విడియా చెప్పేది 550 వాట్లు. అంటే అంకె పెద్దగా ఉండాల్సిన పని లేదు, నిజమైన 550 కావాలి, లేబుల్ మీద 12 వోల్టుల గడిలో 45 ఆంప్స్ దగ్గర్లో కనిపించాలి, అయిదేళ్ల వారంటీ ఉంటే కంపెనీకే దాని మీద నమ్మకం ఉన్నట్టు. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే గుర్తులు మాత్రమే, లోపల షార్ట్ సర్క్యూట్ కి, ఓవర్ లోడ్ కి రక్షణ ఉందో లేదో అవి చెప్పవు, అది విడిగా స్పెక్స్ లో చూడాలి. అలాగే మీరుండే ఇల్లు పాతదైతే ప్లగ్ పాయింట్ కి ఎర్త్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ తో ఒకసారి చూపించండి, మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన వెనక ఎర్త్ వైర్ ఉన్నట్టు కాదు. కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమనే ఇళ్లు ఈ ఊళ్లో చాలానే ఉన్నాయి.

ర్యామ్ దగ్గరికొస్తే 16 జీబీ అన్నది సరే, ఒకే స్టిక్ అన్నది తప్పు. 8 జీబీవి రెండు పెడితే ప్రాసెసర్ రెండు దారుల్లో డేటా తెచ్చుకుంటుంది, ఒక్కటి పెడితే సగం వెడల్పే దొరుకుతుంది, ముఖ్యంగా విడి కార్డు లేకుండా, లోపలే గ్రాఫిక్స్ ఉన్న 5600జీ లాంటి ప్రాసెసర్ తో ఆడేవాళ్లకి ఎఫ్‌పీఎస్ బాగా పడిపోతుంది. బోర్డులో నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి, తర్వాత బయోస్ లోకి వెళ్లి ఎక్స్ఎంపీ ఆన్ చేయాలి, ఏఎమ్5 బోర్డుల్లో అదే ఎక్స్‌పో అని ఉంటుంది, లేకపోతే డబ్బా మీద రాసిన స్పీడ్ కి డబ్బులిచ్చి అంతకంటే తక్కువ స్పీడ్ లో నడుపుకుంటూ ఉంటారు. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ రేట్లు మండిపోయాయి, కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్ముకుని బడ్జెట్ వేసుకోవద్దు, ఆ రోజు రేటు కనుక్కుని వెళ్లండి.

సగం నిజం అన్న రెండోది ఎస్ఎస్‌డీ గురించి. సగటు ఎఫ్‌పీఎస్ దానివల్ల పెరగదు, ఒప్పుకుంటా. కానీ హార్డ్ డిస్క్ సెకనుకి 150 ఎంబీ అటూ ఇటూ చదివితే మామూలు ఎన్‌వీఎంఈ (బోర్డుకే నేరుగా గుచ్చే రకం) ఎస్ఎస్‌డీ 3,000 ఎంబీ పైన చదువుతుంది, పెద్ద మ్యాపుల గేముల్లో బండేసుకుని వెళ్తుంటే ముందు రోడ్డు లోడ్ కాక ఆట తడబడేది ఈ హార్డ్ డిస్క్ వల్లే. సైబర్‌పంక్ 2077 అయితే 2023 నుంచి కనీస అవసరాల్లోనే ఎస్ఎస్‌డీ అని రాసేసింది. 500 జీబీ అయినా సరే విండోస్, ఆడే గేములు దాంట్లోనే పెట్టండి, సినిమాలకి హార్డ్ డిస్క్ తర్వాత కొనుక్కోవచ్చు.

బెంగళూరు చల్లదనం బయట ఉంటుంది, డబ్బా లోపల 200 వాట్ల వేడి పుడుతుంటే అది బయటికి పోయే దారి కావాలి. లిక్విడ్ కూలర్ అవసరం లేదు, రైజెన్ 5600తో డబ్బాలో వచ్చే కూలర్ దానికి సరిపోతుంది. కానీ ముందు వైపు మొత్తం అద్దం బిగించి ఆర్జీబీ లైట్లు వేసిన కేబినెట్లు వద్దు, పైన పటారం లోన లొటారం అన్నమాట వీటికి అచ్చంగా సరిపోతుంది. ముందు జాలీ ఉన్నది తీసుకుని, ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి పెట్టండి. మెట్రో పనుల దుమ్ము పడే ఏరియాలో ఉంటే ఫిల్టర్ తరచుగా దులపండి.

మానిటర్ గురించి ఆ మెసేజ్ లో ఒక్క ముక్క లేదు, అది కూడా లోటే. మంచి కార్డు కొని 60 హెర్ట్జ్ మానిటర్ పెడితే సెకనుకి 60 బొమ్మలే చూస్తారు. 144 హెర్ట్జ్ కొన్నాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్ లో 144 మనమే ఎంచుకోవాలి, చాలాసార్లు 60లోనే ఉండిపోతుంది. కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే గుచ్చాలి.

ఇక ఆఖరిది, వారంటీ రాదు కాబట్టి బిల్లు వద్దు. అసలు సంగతి దీనికి పూర్తిగా ఉల్టా. సొంతంగా కట్టిన పీసీలో ప్రతి పార్టుకీ దాని కంపెనీ వారంటీ విడిగా ఉంటుంది, డబ్బాలో వచ్చే ఇంటెల్ ప్రాసెసర్ కి మూడేళ్లు, గ్రాఫిక్స్ కార్డులకి ఎక్కువగా మూడేళ్లు, చాలా ఎస్ఎస్‌డీలకి మూడు నుంచి అయిదేళ్లు. వాటిని అడగడానికి మన చేతిలో ఉండే ఆధారం ఆ బిల్లే. 18 శాతం మిగిలింది అనుకుంటాం గానీ, ఆర్నెల్లకి కార్డు పోతే షాపు అన్నని బతిమాలుకోవడం తప్ప దారుండదు. ఎస్పీ రోడ్డులో బేరమాడండి, నాలుగు షాపులు తిరగండి, టౌన్ హాల్ దగ్గర దిగితే అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి, రేటు తగ్గించమని అడగండి, కానీ జీఎస్టీ బిల్లు మీద పార్టు పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబర్ రాయించుకుని అక్కడే డబ్బా మీది నంబర్ తో సరిచూసుకోండి. ప్రాసెసర్ డబ్బా లేకుండా ట్రేలోంచి తీసిస్తే వద్దనండి, దానికి సాధారణంగా షాపు వాడి వారంటీ తప్ప కంపెనీది ఉండదు. ఇంటెల్ బోర్డు అయినా ఏఎమ్5 బోర్డు అయినా ప్రాసెసర్ కూర్చోబెట్టేటప్పుడు సాకెట్ మీదున్న నల్ల ప్లాస్టిక్ మూత ఊడొస్తుంది, దాన్ని చెత్తలో వేయకుండా బోర్డు డబ్బాలోనే దాచండి, రేపు బోర్డు వారంటీకి పంపాల్సి వస్తే ఆ మూత పెట్టే పంపాలి, అది లేక దారిలో సాకెట్ పిన్ను ఒక్కటి వంగినా రిపేర్ కి తీసుకోకుండా వెనక్కి పంపేస్తారు.