పే స్లిప్‌లో కనపడని తేడా

యూనివర్సిటీలో మేడమ్‌కీ సారుకీ జీతంలో తేడా ఉంటుందా అని విశాఖలో ఎవరినడిగినా "గవర్నమెంటు స్కేలు కదా, తేడా ఎందుకుంటుంది?" అంటారు. నిజమే. ఏడో వేతన సవరణలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 దగ్గర మొదలవుతుంది, ప్రొఫెసర్‌ది 1,44,200 దగ్గర. ఆ పట్టికలో ఆడ, మగ అన్న గడే లేదు. తేడా అంతా ఆ మొదటి అంకె నుంచి రెండో అంకెకు చేరడానికి ఎన్నేళ్లు పట్టిందన్న దాంట్లో ఉంది.

ప్రమోషన్‌లో మొదటి మెట్టు ఎక్కడానికి సర్వీసుతో పాటు 21 రోజుల ఓరియెంటేషన్ కోర్సు చేసుండాలి. ఎంవీపీ కాలనీలో ఉండే నా స్నేహితురాలు ఆ కోర్సుకు రెండుసార్లు పేరిచ్చి రెండుసార్లూ వెనక్కి తీసుకుంది. ఒకసారి పిల్లాడి పదో తరగతి పరీక్షలు, ఇంకోసారి అత్తగారి ఆపరేషన్. ఆమెతో పాటు చేరిన సారు పెట్టె సర్దుకుని వెళ్లొచ్చాడు. ఆయన్ని తప్పుపట్టను, ఆ ఇంట్లోనూ వంట చేసినవాళ్లు ఎవరో ఉన్నారు. కానీ డీఏ, హెచ్‌ఆర్‌ఏ, సీపీఎస్ (పెన్షన్) వాటా అన్నీ మూల వేతనం మీదే లెక్క. ఒకసారి వెనకబడితే రిటైరయ్యే దాకా ఆ లోటు వెంట వస్తూనే ఉంటుంది.

"ఉద్యోగం తృప్తిగా ఉందా?" అంటే ఆమె "హాయిగానే ఉంది" అంటుంది. బ్రిటన్ ఉద్యోగుల మీద ఆర్థికవేత్త ఆండ్రూ క్లార్క్ 1997లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. జీతం తక్కువైనా ఆడవాళ్లే ఎక్కువ తృప్తిగా ఉన్నామన్నారు. ఆశించింది తక్కువ కావడమే అందుకు కారణమని ఆయన అభిప్రాయం. వయసులో చిన్నవాళ్లలో, బాగా చదువుకున్నవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. అందుకే "హాయిగానే ఉంది" అన్న మాటని సమానత్వానికి సాక్ష్యంగా తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

2021-22 జాతీయ ఉన్నత విద్యా సర్వే ప్రకారం అధ్యాపకుల్లో మహిళలు దాదాపు 43 శాతం. ఎంతమంది ఉన్నారో తెలిస్తే చాలదు, ఏ మెట్టు మీద ఎన్నేళ్లు ఆగిపోయారో తెలియాలి. 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ తన నూరేళ్ల సందర్భంగా ఆ లెక్క బయటపెడితే బాగుంటుంది. సర్వీసు రిజిస్టర్లలో ఉన్న తేదీలే కదా, కొత్త సర్వే అక్కర్లేదు.

క్లాసుల లెక్కన డబ్బు తీసుకునే గెస్ట్ ఫ్యాకల్టీకైతే ఆ రిజిస్టరు కూడా లేదు. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2019లో క్లాసుకు 1,500, నెలకు 50,000 మించకుండా అని చెప్పింది. మద్దిలపాలెం బస్టాపులో నాకు పరిచయమైన ఒకమ్మాయి చిన్న డైరీలో రోజూ తీసుకున్న క్లాసులు రాసుకుంటుంది. ఏప్రిల్ చివరి నుంచి జూన్ దాకా ఆ పేజీలు ఖాళీ.