పది అడుగులు

నిరుడు శ్రావణ పౌర్ణమికి ముందు రోజు మా మేనత్త నూతి గట్టు మీద జారి పడింది. వయసు 76. వారం రోజుల ముసురుకి గట్టంతా పాచి పట్టి ఉంది. తుంటి ఎముక విరిగింది. కోనసీమలో వానాకాలం వచ్చిందంటే ఇవీ మామూలే. మా ఊళ్ళోనే ఏటా ఇద్దరు ముగ్గురు ముసలివాళ్ళు ఇలా మంచాన పడతారు. పిల్లలు హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉంటారు కాబట్టి పక్కింటివాళ్ళే ఆటో ఎక్కిస్తారు.

ఆస్పత్రిలో మత్తు డాక్టరుగారు వచ్చి షుగరు, బీపీ మాత్రల చీటీ చూశారు. నోరు తెరవమన్నారు, కట్టుడు పళ్ళు తీయించారు. "నడుముకిచ్చేస్తామండి, పూర్తి మత్తు అక్కర్లేదు" అన్నారు. మా బావ పెద్ద బరువు దిగినట్టు "ముసలి ప్రాణానికి అదే మేలండి" అన్నాడు. సంతకం పెట్టాం. ఆపరేషన్ బాగానే జరిగింది.

రెండో రాత్రికి అత్తయ్య వేరే మనిషైపోయింది. సెలైన్ గొట్టం పీకేస్తోంది. "పంటు వెళ్ళిపోతోందిరా, రేవుకి పదండి" అని లేవబోతోంది. ఆ రేవులో ఏరు దాటించే పంటు ఆగిపోయి, వంతెన పడి ఎన్నేళ్ళో అయింది. నన్ను మా నాన్న పేరుతో పిలిచింది. పక్క మంచం ఆవిడ గాలి సోకిందంది. నర్సమ్మ "పెద్దవాళ్ళకి మామూలేనండి" అని ముందుకెళ్ళిపోయింది. మన పెద్దలు దీన్ని సంధి ప్రేలాపన అనేవారు, డాక్టర్లు డెలీరియం అంటారు. తగ్గడానికి మూడు రోజులు పట్టింది.

ఇదంతా మత్తు వల్లేనా, నడుముకిస్తే మంచిదని మా బావ అన్న మాట అబద్ధమా అని నాకు అనుమానం వచ్చింది. ఇంటికొచ్చాక చదవడం మొదలుపెట్టాను.

బావ మాట అబద్ధమేమీ కాదు గానీ, అందరం అనుకున్నంత నిజం కూడా కాదు. రీగెయిన్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2021లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. అమెరికా, కెనడాల్లోని 46 ఆస్పత్రుల్లో తుంటి విరిగిన 1,600 మందిని తీసుకుని, చీటీ వేసినట్టుగా సగం మందికి నడుముకి, సగం మందికి పూర్తి మత్తు ఇచ్చారు. 60 రోజులు గడిచేసరికి చనిపోయినవాళ్ళు, నడవలేకపోయినవాళ్ళు కలిపి నడుము మత్తు జట్టులో 18.5 శాతం, పూర్తి మత్తు జట్టులో 18 శాతం. డెలీరియం రెండు జట్లలోనూ దాదాపు అయిదో వంతు మందికి వచ్చింది. మరుసటి ఏడాది చైనా నుంచి వచ్చిన రాగా అధ్యయనంలో 65 దాటిన 950 మందిని చూశారు. అక్కడ నడుము మత్తిచ్చిన జట్టుకి పైనుంచి నిద్రమందు ఇవ్వలేదు. అయినా డెలీరియంలో తేడా తేలలేదు. ఊపిరితిత్తులు బాగాలేనివాళ్ళకి నడుము మత్తే మేలు కావచ్చు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి అది కుదరకపోవచ్చు. అది మనిషిని చూసి డాక్టరు తేల్చాల్సిన సంగతి. ముసలివాళ్ళందరికీ ఇదే మంచిదని గంపగుత్తగా చెప్పడానికి మాత్రం ఆధారం చాలదు.

నన్ను ఆపేసింది ఆ శాతాల కంటే వాళ్ళు పెట్టుకున్న కొలత. రీగెయిన్‌లో నడవడమంటే, 60 రోజులకి ఇంకో మనిషి సాయం లేకుండా సుమారు పది అడుగుల దూరం, అంటే మూడు మీటర్లు, నడవగలగడం. వాకర్ ఉండొచ్చు, చేతికర్ర ఉండొచ్చు, భుజం పట్టుకునే మనిషి ఉండకూడదు. అట్లతద్ది ముందు రోజుకి మా అత్తయ్య ఆపరేషన్ అయి 60 రోజులు. టేపు పెట్టి కొలిస్తే మంచం నుంచి వసారా గుమ్మానికి పదకొండు అడుగులు వచ్చింది. వాకర్ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, ద్వారబంధాన్ని పట్టుకుని నిలబడి, "ఇంతకీ ఎందుకు కొలుస్తున్నావురా" అంది. ఆస్పత్రివాళ్ళు మాత్రం ఆ సంగతి ఎప్పుడూ అడగలేదు. కుట్లు విప్పారు, ఎక్స్‌రే చూసి బాగా అతుక్కుంటోందన్నారు. మూడు రాత్రుల సంధి సంగతి డిశ్చార్జి కాగితంలో ఒక్క ముక్క కూడా లేదు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మత్తు మీద మన దగ్గర పరిశోధనకి లోటు లేదు. అది కొలిచేదే వేరు.

మత్తు వైద్యంలో ఎండీ చేసే ప్రతి విద్యార్థీ థీసిస్ రాయాలి. మన కాలేజీల్లో ఎక్కువగా కనిపించే నమూనా ఒకటుంది. వరిబీజం, హెర్నియా లాంటి బొడ్డు కింది ఆపరేషన్లకి వచ్చిన 60 మందినో 90 మందినో తీసుకుంటారు. బోదకాలు దోమ పుణ్యమా అని డెల్టాలో వరిబీజం కేసులకి ఎప్పుడూ కరువు లేదనుకోండి. నడుముకిచ్చే తిమ్మిరి మందు బుపివకైన్‌లో ఒక జట్టుకి నొప్పి తగ్గించే ఫెంటానిల్, ఇంకో జట్టుకి మగత కలిగించే డెక్స్‌మెడిటోమిడిన్ కలుపుతారు. తిమ్మిరి ఎన్ని నిమిషాల్లో ఎక్కింది, ఎన్ని నిమిషాలు ఉంది, మొదటి నొప్పి ఇంజక్షన్ ఎప్పుడు అడిగారు అని రాసుకుంటారు. వయసు 18 నుంచి 60. పెద్ద జబ్బులేవీ ఉండకూడదు. అంటే మా అత్తయ్యలాంటి మనిషిని గుమ్మంలోనే తిప్పి పంపించేస్తారు. మత్తు వల్ల ఎవరికి ముప్పు ఎక్కువో వాళ్ళే పరిశోధనలో ఉండరు.

అదే డెక్స్‌మెడిటోమిడిన్‌ని బీజింగ్‌లో ఏం అడిగారో చూడండి. ఆపరేషన్ తర్వాత ఐసీయూలోకి వచ్చిన, 65 దాటిన 700 మందిలో సగం మందికి ఆ మందు చాలా తక్కువ మోతాదులో రాత్రంతా ఎక్కించారు. మిగతావాళ్ళకి ఉత్త సెలైన్. డెలీరియం 23 శాతం నుంచి 9 శాతానికి తగ్గింది. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత గుండె ఆపరేషన్ల మీద చేసిన అధ్యయనంలో ఆ లాభం కనిపించలేదు కాబట్టి ఇదే దివ్యౌషధం అనబోవడం లేదు. మందు ఒకటే. ఒక చోట తిమ్మిరి ఎంతసేపని అడిగారు, ఇంకో చోట మనిషి తెలివిలో ఉన్నాడా అని అడిగారు.

విద్యార్థుల తప్పని కూడా అనలేను. మూడేళ్ళ చదువు, మధ్యలో రాత్రి డ్యూటీలు. నిమిషాలైతే ఆపరేషన్ థియేటర్లోనే లెక్క తేలిపోతుంది. 60 రోజుల తర్వాత రాజోలు అవతలి లంక ఊళ్ళో ముసలమ్మ నడుస్తోందో లేదో ఎవరు చూసొస్తారు? అదీకాక, 60 మందితో ఆ ప్రశ్నకి జవాబు రాదు. నూటికి 20 మందికి వచ్చే డెలీరియం 13కి తగ్గిందని గట్టిగా చెప్పాలంటే ఒక్కో జట్టులో 400 మందికి పైగా ఉండాలి. జట్టుకి 30 మందే ఉంటే, అక్కడ ఆరుగురికీ ఇక్కడ నలుగురికీ వస్తుంది. అది మందు మహిమో, చీటీ పడిన తీరో ఎవరూ చెప్పలేరు.

చిన్న అధ్యయనం ఎలా ఊరిస్తుందో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. నడుముకి మత్తిచ్చినా, భయపడకుండా పైనుంచి నిద్రమందు ఇస్తారు. ఆ నిద్ర ఎంత లోతుగా ఉండాలన్న ప్రశ్నని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు తుంటి రోగుల్లో పట్టుకున్నారు. 2010లో 114 మందిని చూస్తే, గాఢనిద్ర జట్టులో 40 శాతం మందికి, తేలిక నిద్ర జట్టులో 19 శాతం మందికి డెలీరియం వచ్చింది. సగానికి సగం! అదే బృందం ఇంకా పెద్దగా, 200 మందితో మళ్ళీ చేసి 2018లో బయటపెట్టిన ఫలితంలో అంత తేడా నిలబడలేదు. మిగతా జబ్బులు తక్కువగా ఉన్నవాళ్ళలో మాత్రం తేలిక నిద్ర మేలనిపించింది. తమ సంచలనాన్ని తామే మళ్ళీ తూచి చూసుకున్నందుకు వాళ్ళకి దణ్ణం పెట్టాలి.

తప్పు ప్రశ్నకి పెద్ద ఖర్చు పెట్టిన చరిత్ర తెలుగు నేలకీ ఉంది. 1888, 1889ల్లో నిజాం సర్కారు డబ్బుతో హైదరాబాదులో, ఆ కాలపు మత్తుమందు క్లోరోఫాం మీద రెండు కమిషన్లు నడిచాయి. బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వందలాది జంతువులకి క్లోరోఫాం ఇచ్చి, ముందు ఆగేది ఊపిరే గానీ గుండె కాదని తేల్చాడు. ఊపిరిని చూసుకుంటే చాలన్నాడు. 1911లో లెవీ అనే పరిశోధకుడు, తేలిక క్లోరోఫాం మత్తులోనే పిల్లుల గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవడం చూపించాడు. లారీ కష్టపడలేదని కాదు. ఎక్కడ చూడాలో ముందే తీర్మానించేసుకున్నాడు.

డెల్టాలో దీన్ని సరిగ్గా చెయ్యడం అసాధ్యమేం కాదు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచీ ఉంది. అమలాపురంలో కిమ్స్, రాజానగరంలో జీఎస్‌ఎల్, ఏలూరులో ఆశ్రం ఉన్నాయి. 2023లో రాజమండ్రిలోనూ ఏలూరులోనూ ప్రభుత్వ కాలేజీలు తెరిచారు. వీళ్ళ మత్తు విభాగాలు ఏడాదికొక్క ప్రశ్న ఉమ్మడిగా పెట్టుకుంటే, ఒక్కో విద్యార్థి తన 60 మందిని తనే చూసుకున్నా వందలు పోగవుతారు. 60 రోజులకి ఒక ఫోన్ చెయ్యాలి. "మామ్మగారు ఎవరి సాయం లేకుండా పది అడుగుల దూరం నడుస్తున్నారా? మనుషుల్ని పోల్చుకుంటున్నారా?" అని రెండు ప్రశ్నలు. ఫోన్ ఎత్తకపోతే ఊళ్ళో ఆశా కార్యకర్త ఉంది.

మందుల దాకా పోనక్కర్లేని ప్రశ్నలూ ఉన్నాయి. 1999లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో, ఆపరేషన్లకి కాక మామూలు జబ్బులకి చేరిన 70 దాటిన 852 మందిని చూశారు. కళ్ళజోడు పెట్టడం, వినికిడి యంత్రం అందివ్వడం, నీళ్ళు తాగించడం, రాత్రి నిద్ర పోనివ్వడం, లేపి నడిపించడం. వీటితోనే డెలీరియం 15 శాతం నుంచి 9.9కి దిగింది. అది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది, థియేటర్‌కి తీసుకెళ్ళేటప్పుడు గుడ్డలో చుట్టి చేతికిచ్చిన అత్తయ్య కళ్ళజోడు మూడో రోజు దాకా నా చొక్కా జేబులోనే ఉంది. వార్డులో ట్యూబులైట్లు తెల్లవార్లూ వెలుగుతూనే ఉన్నాయి. పంటు కనిపించడంలో వింతేముంది?

పరిశోధన అంటే ఇక్కడి జనానికి భయం ఉందంటారు, నిజమే. గోదావరి పైన ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లల మీద జరిగిన హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్) టీకా అధ్యయనాన్ని 2010లో ఆపేశారు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి పార్లమెంటు కమిటీ దాకా వెళ్ళింది. అలాంటివాటి తర్వాతే నిబంధనలు బిగిశాయి. అయినా ఆ ఇంగ్లీషు వాసన కొట్టే తెలుగు అంగీకార పత్రం మా బావకి చదివి వినిపిస్తే ఒక్క వాక్యం కూడా అర్థం కాదని పందెం కాస్తాను.

తెలివి పరీక్షలకీ ఇదే చిక్కు. తేదీ ఎంత, వందలోంచి ఏడు తీసేస్తూ పోతే ఎంత అని అడిగే ప్రశ్నపత్రాలు బడికెళ్ళినవాళ్ళ కోసం పుట్టినవి. డిశ్చార్జి రోజు ఒక కుర్ర హౌస్‌సర్జన్ వచ్చి, పాపం మంచిగానే అడిగాడు, "మామ్మగారూ, ఇవాళ తేదీ ఎంత?" అని.

"షష్ఠి. ఎల్లుండి కృష్ణాష్టమి, నన్ను తొందరగా పంపించెయ్యండి బాబూ" అంది అత్తయ్య.

అతను పెన్ను పట్టుకుని నాకేసి చూశాడు. నేను ఫోన్ తీసి క్యాలెండరు చూశాను. షష్ఠే.